డాక్టరు చెప్పిన పోతు

మా ఇంట్లో చీపురు పట్టడానికి మంచి గడియ దొరకదు. నవ్వకండి. సంగతి చెబుతాను, మీరే ఔనంటారు.

పెద్దోడు నరహరి పొద్దున్నే మరమగ్గాల కార్ఖానాకు బయల్దేరుతాడు. మనిషి గడప దాటగానే వెనకనుంచి ఇల్లు ఊడిస్తే 'మళ్లీ రాకు' అని చెప్పినట్టే. వాడు పోయిన చోటికి చేరేదాకా చీపురు ముట్టకూడదు. ఇంతలో చిన్నోడు పరుశురాం పాండేసర రంగుల మిల్లులో రాత్రి డ్యూటీ దిగి వస్తాడు. ఇంత తిని గది నడుమ అడ్డంగా పడిపోతాడు. పడుకున్న మనిషి చుట్టూ ఊడుస్తారా ఎవరైనా? అపశకునం. వాడు లేచేసరికి పగలు సగం పైన గడుస్తుంది. అప్పుడు ఊడవొచ్చు, కాదనను. కానీ అప్పుడు నేను పడుకుంటాను. నేను లేచి, చాయ్ తాగి, ముఖం కడుక్కునేసరికి దీపాలవేళ. దీపం పెట్టాక ఊడిస్తే లక్ష్మి గడప దాటుతుంది. ఆ వెంటనే పరుశురాం డ్యూటీకి పోతాడు, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

"గట్లయితే ఇంకెప్పుడు ఊడ్వాలె అత్తమ్మా?" అని నరహరి పెళ్లాం, నా కోడలు నీరజ ఒకసారి అడిగింది.

"తెల్లారకముందు ఊడువు. ఎవరొద్దన్నరు?" అన్నాను.

తెల్లారకముందే నల్లా వస్తుంది. నీళ్లు పట్టాలి, నరహరికి డబ్బా కట్టాలి. ఆ హడావుడిలో అది చీపురు పట్టి పరపరా నాలుగు ఊపులు ఊపేది. దుమ్ము లేచి, గది అంతా తిరిగి, మళ్లీ లేచిన చోటే కూర్చునేది. అయినా ఊడ్చామన్న తృప్తి ఉంటుంది కదా.

మాది సూరత్ బమ్రోలిలో ఒక చాల్. వరసగా గదులు, ఒక్కో గదిలో ఒక్కో సంసారం. మాకు ఒకటే గది, వెనక వంటకింత జాగా. సందు పొడుగునా మరమగ్గాలే. వాటినుంచి లేచే నూగు కిటికీలోంచి వస్తుంది, కొడుకుల చొక్కాల్లో వస్తుంది, జుట్టులో వస్తుంది. పైగా నీరజ ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అతికించే పని చేస్తుంది. అందరిళ్లలో ఉండేది ఉట్టి దుమ్ము, మా ఇంట్లోది తళతళలాడే దుమ్ము.

నా పేరు వజ్రమ్మ. మాది సిరిసిల్ల దగ్గర పల్లె. మా ఆయన ఇంట్లోనే చేతిమగ్గం మీద నూలు తువ్వాలలు నేసేవాడు. ఆయన పోయిన మరుసటేడు నీరజకు కాన్పయింది. బాలింతకు నీళ్లు పోయడానికని సూరత్ వచ్చాను, పిల్ల మెడ నిలపగానే పోదామనుకున్నాను. మెడ నిలిచింది, నడక వచ్చింది, ఇప్పుడు బడికి కూడా పోతోంది, నేను మాత్రం కదల్లేదు. ఆ పిల్ల, హారతి, నా పక్కలో పడుకోవడం మరిగింది అని అందరికీ చెబుతాను. నిజానికి మరిగింది నేను. దాని కాలు నా పొట్ట మీద పడకపోతే నాకు నిద్ర పట్టదు.

మొన్న చలికాలం మొదట్లో ఆ పిల్లకు రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. పడుకుంటే చాలు, కుయ్యి కుయ్యి. దగ్గు వచ్చిందంటే కళ్లనీళ్లు వచ్చేదాకా ఆగదు. ఈ సంగతి లింబాయత్‌లో ఉండే మా వియ్యపురాలు పద్మారాణికి తెలిసింది. ఆమెది మూడో అంతస్తులో టైల్స్ వేసిన ఇల్లు. దగ్గర్లో మగ్గం చప్పుడు కూడా వినపడదు. ఆ సంగతి ఆమె మమ్మల్ని మరిచిపోనివ్వదు.

"వదినా, నీ ఇంట్ల నూగు దిని దిని పొల్ల ఎట్లయిందో సూడు," అంది ఫోనులో. "ఆదివారం నాటికి తక్కువ గాలేదంటే నేనొచ్చి తీస్కపోత. ఈడనే బడిల ఏస్త."

"తీస్కపోను అదేమన్న సామానా?" అన్నాను.

పైకి అన్నాను గానీ, బడి కూడా అక్కడే అంటే ఇక తిరిగి రావడమేముంది? చుట్టంలా వచ్చి చుట్టంలా పోతుంది. నేనెందుకు ఈ ఊళ్లో?

ఆ మర్నాడే పిల్లను భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పోయాను. నీరజ తయారైన చీరలు ఇచ్చి రావడానికి రింగ్ రోడ్ మార్కెట్‌కు పోయింది, దాని కోసం ఆగే ఓపిక నాకు లేదు. హారతి మెలకువగా ఉంటే నాకు మాట తర్జుమా చేసి పెట్టేది, దానికి హిందీ, గుజరాతీ నీళ్లు తాగినట్టు వస్తాయి. కానీ అది దగ్గి దగ్గి అలసి నా భుజం మీదే నిద్రపోయింది. నా హిందీ కూరగాయల బండి దాటి పోదు. గుజరాతీ అయితే అదీ లేదు.

డాక్టరు మంచివాడు, ముసలాయన. పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు, మందు రాశాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, చెవిటిదానికి చెప్పినట్టు గట్టిగా, ఒక్కో మాటా ఒత్తి చెప్పాడు.

"మాజీ, ఘర్ మే ఝాడూ బంద్. ఏక్‌దమ్ బంద్. పోతు కరో, పోతు! పోతు సే బచ్చీ కో ఆరామ్."

నాకు ఒళ్లు పులకరించింది. ఇంట్లో చీపురు బంద్ చేయమన్నాడు. చూశారా, ఇన్నాళ్లూ నేను మొత్తుకున్నదేమిటి? పెద్ద చదువు చదివినాయన నోటినుంచి అదే మాట వచ్చింది. అంతకన్నా పెద్ద మాట రెండోది. పిల్ల బాగు కోసం పోతు చేయమన్నాడు. మా దేశంలో పిల్లలకు జబ్బు చేస్తే పోచమ్మ తల్లికి మేకపోతును ఇస్తామని మొక్కుకుంటాం. ఆ సంగతి ఈ గుజరాతీ డాక్టరుకు ఎట్లా తెలిసిందో! మందు రాసి ఊరుకోకుండా దేవత సంగతి కూడా గుర్తు చేశాడంటే ఆయన డాక్టరు కాదు, దేవుడు. రెండు చేతులెత్తి దండం పెట్టి వచ్చాను. ఆయన కూడా సంతోషంగా తలాడించాడు.

దారిలోనే మొక్కుకున్నాను. "తల్లీ పోచమ్మా, నా హారతికి ఊపిరి మంచిగ ఆడితే నీకు పోతు ఇస్త."

ఇంటికి రాగానే నీరజ అడిగింది. "డాక్టర్ ఏమన్నడు అత్తమ్మా?"

"చీపురు ముట్టొద్దన్నడు. ఏక్‌దమ్ బంద్ అన్నడు."

"అట్లనా? మరి తడిబట్ట పెట్టి తుడ్వాల్నా?"

"గట్లేం చెప్పలే. ఎండిన ఇల్లు తడిపితే పిల్లకు సర్ది పట్టదా? డాక్టర్ కన్న నీకే ఎక్కువ తెల్సినట్టుంది."

పోతు సంగతి దానికి చెప్పలేదు. ఈ ఊళ్లో పుట్టిన పిల్లలు మొక్కులంటే ముసిముసి నవ్వులు నవ్వుతారు. నేను తిన్నగా కనకయ్యకు ఫోను చేశాను. కనకయ్య నాకు తమ్ముడి వరస. సందు చివర మనవాళ్లు కట్టుకున్న చిన్న పోచమ్మ గద్దె బాగోగులు చూసేది అతనే. "తమ్మీ, ఆదివారానికి ఒక మంచి పోతును చూడు" అన్నాను. "ఎందుకక్కా?" అన్నాడు. "డాక్టర్ చెప్పిండు" అన్నాను. కనకయ్య "సరే అక్కా" అన్నాడు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమనే మనిషి.

చీపురు మూలకు చేరింది. నూగు మాత్రం మూలకు చేరలేదు. మంచం కింద ఉండలు కట్టింది, అడుగు తీసి అడుగు వేస్తే వెంట పరుగెత్తింది. హారతికి మందు వేసినంతసేపు బాగుండేది, ఆ తర్వాత మళ్లీ కూతలు. శనివారం నాటికి అది పడుకోలేక నా ఒళ్లో కూర్చుని నిద్రపోయింది. దాని వీపు నిమురుతూ పోచమ్మను తొందరపెట్టాను. "రేపే తల్లీ, రేపే ఇస్త, ఆగవా కొంచెం" అన్నాను.

ఆదివారం పద్మారాణి పొద్దున్నే దిగింది. గుమ్మంలోనే ఆగి, చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇల్లంతా కలియజూసింది.

"గిదేంది నీరజా, గోదామా, ఇల్లా?"

"డాక్టర్ చీపురు బంద్ జెయ్యమన్నడట అమ్మా," అంది నీరజ తలొంచుకుని.

"ఊడ్వొద్దన్న డాక్టర్ను నా జిందగీల సూడలే!"

నేను నోరు తెరిచేలోగా గుమ్మం దగ్గర "మే" అని వినపడింది. కనకయ్య తాడు పట్టుకుని నిలబడ్డాడు. తాడు చివర నల్లటి, మంచి కండగల మేకపోతు. సందులో పిల్లలంతా దాని వెంటే ఉన్నారు. పక్కగది రమీలాబెన్ కూడా చేతిలో అట్లకాడతోనే బయటికి వచ్చింది. ఆమె ఇక్కడి గుజరాతీ మనిషి, అందరి కష్టసుఖాల్లో ఉంటుంది.

"బకరో? యహా క్యూఁ?" అని అడిగింది. మేక ఎందుకు అని.

ఇక దాచడమెందుకని నేను గట్టిగా, నలుగురికీ వినపడేటట్టు చెప్పాను. "డాక్టర్ సాబ్ చెప్పిండు. ఝాడూ బంద్ జెయ్యి, పోతు జెయ్యి, పిల్ల బాగైతదన్నడు. చేస్తున్న. ఇందుల తప్పేముంది?"

రమీలాబెన్‌కు తెలుగు రాదు గానీ 'ఝాడూ బంద్', 'పోతు' రెండూ అర్థమయ్యాయి. ఆమె మేకను చూసింది, నన్ను చూసింది. నీరజ రెండు చేతులతో నోరు మూసుకుంది. ముందు భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఒంగిపోయి గోడకు చేరగిలబడింది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"అత్తమ్మా... పోతు అంటే మేక కాదే... గుజరాతీల పోతు అంటే తడిబట్ట పెట్టి తుడుసుడు! ఊడిస్తే దుమ్ము లేస్తది, తడిబట్టతోని తుడ్వమన్నడు!"

సందంతా ఘొల్లుమంది. కనకయ్య కూడా నవ్వాడు, వెధవ. రమీలాబెన్ తన గదిలోకి పోయి బకెట్టూ, పిండిన బట్టా తెచ్చి నా ముందు ఎత్తి చూపించింది. "పోతు!" అంది. ఈ గొడవలో తాడు వదులు కావడంతో మేకపోతు లోపలికి దూరి, మూలన ఉన్న చీపురును కరకరా నమలడం మొదలుపెట్టింది. మేం చూసేసరికి సగం అయిపోయింది. డాక్టరు చెప్పిన ఝాడూ బంద్ మాట మాత్రం అది సరిగ్గా అర్థం చేసుకుంది.

"మన ఇంట్ల ఒక పోతు ముందే ఉన్నది," అంది నీరజ కళ్లు తుడుచుకుంటూ, ఇంత గోలలోనూ గురక పెడుతున్న పరుశురాంను చూపించి.

నాకు తల తీసేసినట్టయింది. కోపం వచ్చింది కూడా. ఒక ఊళ్లో మేకను పిలిచే పేరు ఇంకో ఊళ్లో గుడ్డ ముక్కకు పెడితే తప్పు నాదా?

పద్మారాణి ఒక్కతే నవ్వలేదు. హారతి నవ్వబోయి దగ్గులో పడింది. అమ్మమ్మ దాన్ని ఎత్తుకుని వీపు మీద చెయ్యి వేసి ఆ కూతలు వింది.

"వదినా, నిన్ను అనెటట్టు లేదు, నీకు తెల్వక జరిగింది," అంది మెల్లగా. "గని పొల్లను ఈ నూగుల ఉంచను. ఇప్పుడు తీస్కపోత, వచ్చే ఐతారం తెస్త. ఇల్లు మంచిగుంటె ఈడ ఇడుస్త. లేకుంటె మా దగ్గర్నే ఉంటది, బడి గూడ ఆడనే. నువ్వు ఒప్పుకోవాలె."

ఒప్పుకోక ఏం చేయను? పిల్ల ఊపిరి కదా. నీరజ సంచిలో బట్టలు సర్దింది. హారతి అమ్మమ్మ చంకనెక్కి నాకు చెయ్యి ఊపింది. "నాయినమ్మా, మేకను ఎవలకు ఇయ్యకు," అంది.

ఉన్నమాట చెబుతున్నాను, పద్మారాణి గడప దాటుతుంటే ఆమె వెనకే ఇల్లంతా ఊడ్చి పారేయాలని నా చేతులు దురదపెట్టాయి. ఇంకెన్నడూ ఈ గుమ్మం తొక్కకూడదన్నంత కోపం. కానీ ఆమె చంకలో నా ప్రాణం ఉంది. చీపురు సంగతి సరేసరి, మేక కడుపులో ఉంది. "చేరినంక ఫోన్ జెయ్యి వదినా" అన్నాను, అంతే. ఫోను వచ్చేదాకా ఎవరినీ నేల ముట్టుకోనివ్వలేదు.

ఫోను వచ్చింది. కొంగు నడుముకు దోపుకున్నాను.

పరుశురాం ఫినాయిలు సీసా తెచ్చాడు. మందు ఎంత ఎక్కువ పోస్తే అంత బాగు కదా అని నేను సీసాలో సగం బకెట్టులో వంచాను. ఆ ఘాటుకు ఇంట్లో నలుగురమూ దగ్గుతూ సందులోకి పరుగెత్తాం. రమీలాబెన్ తల పట్టుకుంది. "వజ్రాబెన్, బచ్చీ కే ఘర్ మే యే నహీ. ఖాలీ పానీ. రోజ్ థోడా థోడా," అంది. ఉట్టి నీళ్లు చాలు, రోజూ కొంచెం కొంచెం. బట్టను గట్టిగా పిండాలి, లోపలినుంచి గుమ్మం వైపు వెనక్కి నడుస్తూ రావాలి, నీళ్లు మాసిపోగానే మార్చాలి. నా కోడలిలాగా ఎగిరెగిరి కాదు, మెల్లగా, నేలకు జోల పాడినట్టు. ఆమె చెయ్యి చూస్తుంటే నూగు ఒక్క పోచ కూడా లేవలేదు, అన్నీ బట్టకే అతుక్కుని వచ్చాయి.

ఇక బట్ట. ఇదొక వింత వినండి. దేశానికంతా చీరలు పంపే ఊరు ఇది. నీరజ మార్కెట్‌నుంచి సంచెడు పీలికలు తెచ్చింది. ఏది ముంచినా నీళ్లు పీల్చదు! అంతా పాలిస్టరు. నీళ్లను ఈ మూలనుంచి ఆ మూలకు నెడుతుంది, అంతే. ఇంత బట్టల ఊళ్లో ఇల్లు తుడిచే బట్టకు కరువొచ్చింది.

నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మా ఆయన ఆఖరున నేసిన తువ్వాలలు, ఎర్ర అంచువి. అసలు నూలు. వాటిని ఎవరినీ ఒళ్లు తుడుచుకోనివ్వలేదు ఇన్నేళ్లూ. ఏడాదికోసారి ఎండలో వేసి మళ్లీ మడత పెట్టేదాన్ని.

కత్తెర తీసుకుని కూర్చున్నాను. నీరజ నా చెయ్యి పట్టుకుంది. "వద్దత్తమ్మా, మామయ్యవి. పాత లుంగీ ఏదన్న దొరకవడ్తది."

"ఊకో. మీ మామ నేసిన బట్ట పెట్టెల పండుకోవడానికి నేసిండా?" అన్నాను గట్టిగానే. ఏడుపు మాత్రం వచ్చింది. మనవరాలి కోసమని అడిగితే ఆ మనిషి పంచె కూడా విప్పి ఇచ్చేవాడు. ఒక తువ్వాలను నాలుగు ముక్కలు చేశాను. నీళ్లలో వేయగానే గటగటా తాగాయి.

ఆ రోజునుంచి నాకు అర్థమైన గొప్ప సంగతి చెబుతాను. మన పెద్దలు ఊడవడానికి పెట్టినన్ని కట్టుబాట్లు తుడవడానికి పెట్టలేదు. దీపం పెట్టాక తుడవొచ్చు, ఎందుకంటే గడప బయటికి ఏదీ నెట్టడం లేదు, లక్ష్మి కాళ్లే కడుగుతున్నాం. పడుకున్న మనిషి చుట్టూ తుడవొచ్చు, చప్పుడుండదు, దుమ్ముండదు. పరుశురాం చుట్టూ తుడిచాను, వాడి మడమ కూడా తుడిచాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే, కదల్లేదు. ఇక మనిషి వెళ్లగానే ఎలా అంటే, దానికీ దారి దొరికింది. నరహరి కార్ఖానాకు చేరగానే ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. చేరినట్టే కదా! ఫోను మోగగానే నేను బట్ట పిండుతాను. మొదట్లో వాడు సిగ్గుపడ్డాడు. "అమ్మా, అందరు నవ్వుతున్రే, ఇల్లు తుడుసుకునుడుకు నా పర్మిషనా అని," అన్నాడు. నవ్వనీ.

ఒక్కరోజులో అన్నీ చేయలేదు, చేస్తే మర్నాడు నడుము లేవదు. రోజూ నేల. దాంతోపాటు ఇంకొక్కటి. ఒకరోజు ఫ్యాను రెక్కలు, ఒకరోజు అల్మారా నెత్తి, ఒకరోజు కిటికీ ఊచలు. కిటికీకి తడిబట్ట ఒకటి అడ్డం కట్టాం, సందులోని నూగు దానికే పట్టుకుంటోంది. కొడుకులిద్దరూ చొక్కాలు సందులోనే దులిపి, బయటి మేకుకు తగిలించి లోపలికి రావాలి. పరుశురాం ఒకరోజు మరిచిపోయి లోపలికి వచ్చాడు. వాడిని అన్నం ముందునుంచి లేపి బయటికి పంపాను. నీరజ రాళ్ల పనిని ఒక పాత దుప్పటి మీద పెట్టుకుంటోంది, పని కాగానే నాలుగు చెంగులూ మడిచి ఎత్తేస్తుంది. ఇప్పుడు మా ఇంటి దుమ్ము మెరవడం లేదు. అసలు దుమ్మే లేదు.

మరి మొక్కు? అది నా మెడ మీదే ఉంది. మంగళవారం పోచమ్మ గద్దె దగ్గరికి పోయి నిలబడ్డాను.

"తల్లీ, పోతు ఇస్తనన్న. నేననుకున్నది ఒకటి, డాక్టర్ అన్నది ఒకటి. నువ్వు నాకన్న ముందు ఈ ఊరికి వచ్చినవ్. నీకు గుజరాతీ నాకన్న మంచిగనే వస్తది. మాటంటే మాటే, పోతునే ఇస్తున్న, తీస్కో," అన్నాను. కూర్చుని గద్దె చుట్టూ బండలు తుడిచాను, అమ్మవారి పాదాల దగ్గర పసుపు మరకలు కూడా. కనకయ్య పక్కనుండి చూశాడు. "తల్లి ఒప్పుకుంటదా అక్కా?" అన్నాడు. "నీ మేకను అడుగు, ఒప్పుకుంటదేమో" అన్నాను. ఆ మేకపోతు ఇప్పటికీ కనకయ్య గుమ్మం ముందే ఉంది. పిల్లలు దాన్ని డాక్టర్ సాబ్ అని పిలుస్తారు.

అన్నీ చేశాను గానీ పక్కలో ఆ కాలు లేదు. ప్రతి సాయంత్రం ఫోనులో "నాయినమ్మా" అని వినపడేది. మాట కన్నా ముందు దాని ఊపిరి వినేదాన్ని. కూతలు తగ్గాయి. సంతోషించాను, ఆ వెంటనే బెంగపడ్డాను. అక్కడ తగ్గింది, ఇక్కడికి వస్తే? ఇక్కడ మళ్లీ మొదలైతే ఇక నా నోటితో నేనే పొమ్మనాలి.

ఆదివారం వచ్చింది. పద్మారాణి గుమ్మంలో చెప్పులు విడిచింది. చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబోయి మధ్యలో ఆపేసింది. హారతి ఉరికొచ్చి నా నడుము చుట్టుకుంది. వియ్యపురాలు గది చుట్టూ తిరిగింది. తలుపు చట్రం పైన వేలు పెట్టి గీసింది, వేలు చూసుకుంది. ఫ్యాను వైపు తలెత్తింది. వంగి మంచం కింద చూసింది.

"ఇల్లు అలుకంగనే పండుగైతదా వదినా? నాలుగొద్దులు జేసి ఇడిసిపెడితే?" అంది చివరికి.

"ఇడిసిపెట్టేదాన్నైతే మీ అన్నయ్య నేసిన తువ్వాలకు కత్తెర పెట్టకపోదును," అన్నాను.

బకెట్టు అంచున ఆరేసిన ఎర్ర అంచు ముక్కను ఆమె అప్పుడు చూసింది. చేతిలోకి తీసుకుంది. ఆమె కూడా నేతవాళ్ల పిల్లే. వేళ్లతో ఆ నేత తడిమింది, మళ్లీ జాగ్రత్తగా ఆరేసింది.

మధ్యాహ్నం హారతి అన్నం తిని నా పక్కన ఒట్టి నేల మీదే పడుకుంది. దాని కాలు వచ్చి నా పొట్ట మీద పడింది. నేను కదల్లేదు. పద్మారాణి వచ్చి దాని తల దగ్గర కూర్చుని, చెవి వీపుకు ఆనించింది. బయట మగ్గాలు కొట్టుకుంటున్నాయి. ఆమె ఎంతసేపు విందో! తలెత్తి నన్ను చూసింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"కూతల్లేవ్," అంది.

సాయంత్రం చాయ్ తాగి లేచినప్పుడు పద్మారాణి హారతి బట్టల సంచి తీసి మా అల్మారాలో తనే పెట్టింది. తన చేతిసంచి మాత్రం తీసుకుని గడప దాటింది. సందు మలుపు దాకా నేనూ హారతీ చూస్తూ నిలబడ్డాం.

ఇంట్లోకి వచ్చేసరికి నీరజ బకెట్టు పట్టుకుని ఉంది. నేల మీద పద్మారాణి పాదాల గుర్తులు, సందు దుమ్ముతో, గుమ్మంనుంచి పిల్ల పడుకున్న చోటు దాకా స్పష్టంగా ఉన్నాయి.

"నాయినమ్మా, పోతు పెడ్తవా? నేను పెడ్త," అంది హారతి బట్ట అందుకుంటూ.

"ఆగు బిడ్డా," అన్నాను. "మీ అమ్మమ్మ ఇంకా చేరలే."

ముగ్గురం గోడకు ఆనుకుని కూర్చున్నాం. నీరజ దీపం పెట్టింది. పరుశురాం డ్యూటీకి తయారవుతూ ఆ అడుగుల మీద కాలు వేయబోతే కసిరాను, చుట్టూ తిరిగి పోయాడు. హారతి నా ఒళ్లో తల పెట్టుకుని ఫోను తన పొట్ట మీద పెట్టుకుంది. ఊపిరికి ఫోను లేచి దిగుతోంది, చప్పుడు లేకుండా.

అది మోగింది.

"చేరిన వదినా," అంది పద్మారాణి.

"మంచిది. మళ్ల ఐతారం రా," అన్నాను. అప్పుడు బట్ట పిండాను.